నాన్నగారి సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేయాలనుకుంటున్నాం. అందులో ఏం రాస్తే బాగుంటుంది?

"మా నాన్న ఆర్టీసీలో కండక్టరు. చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కానీ మనవలు ఆయనను మరిచిపోకూడదని ఉంది" అని మీరు రాశారు. మా నాన్నగారు విజయవాడలో లెటర్‌ప్రెస్సు కంపోజిటర్‌, అంటే అచ్చు కోసం సీసపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చే పని. ఆయన పోయిన ఏడాదికి మేమూ ఇలాంటి పుస్తకమే వేశాం. ఆ అనుభవంతో చెబుతున్నాను, చెప్పుకోవడానికి ఏమీ లేదని మీరనుకుంటున్న ఆ ఉద్యోగంలోనే మీకు కావలసిన సరుకంతా ఉంది.

మా బాబాయి ముందుగా రెండు పేజీలు రాసిచ్చాడు. అందులో నాన్నగారు మృదుస్వభావి, నిరాడంబరుడు, అజాతశత్రువు. చదివి వినిపిస్తే అమ్మ నవ్వేసింది. "అజాతశత్రువా! దీర్ఘం ఎక్కడ పెట్టాలో తెలియనివాడికి కావ్యం ఎందుకని ఆ కవిగారి మొహం మీదే అన్నారు కదరా మీ అన్నయ్య" అంది బాబాయితో. నిజమే. సంధి తప్పిన రచయిత ఎంతటివాడైనా నాన్నగారు వదిలేవారు కాదు. ఆ పేజీలు పక్కన పెట్టాం. ఏ కూడలిలో ఫ్లెక్సీ చూసినా ఉండే మాటలే అవి, ఫొటో మారిస్తే ఎవరికైనా సరిపోతాయి. బాబాయి కొంచెం నొచ్చుకున్నాడు కానీ, తర్వాత ఆయనే అందరికంటే మంచి సంగతులు చెప్పాడు.

మా పిల్లలకు తెలిసిన తాతయ్య వరండాలో కుర్చీ వేసుకుని, ఎర్ర పెన్నుతో దినపత్రికలో అచ్చుతప్పులు దిద్దుతూ కూర్చునే పెద్దాయన. అంతకుముందరి మనిషిని వాళ్లు చూడలేదు. అందుకే సగం పుస్తకం టైపు కేసు (అచ్చు అక్షరాలు ఉంచే గళ్ల పెట్టె) ముందు నిలబడిన మనిషి గురించే రాశాం. ఇంగ్లిషుకు రెండు కేసులుంటే పని జరిగిపోయేది. తెలుగుకు అలా కుదరదు. గుణింతాలకు, వత్తులకు, అరసున్నకు, బండి ఱ-కు అన్నిటికీ గళ్లు కావాలి, అవి కొన్ని వందలు. ఎడమచేతిలో అక్షరాలు వరుసగా పేర్చే స్టిక్కు, చూపు రాతప్రతి మీద, కుడిచెయ్యి తనంతట తానే గళ్ల మీద తిరుగుతూ ఉండేది. అక్షరం ఒంటికి ఒక పక్క చిన్న గాటు ఉంటుంది. వేలికి అది తగిలితే చాలు, ఎటు తిప్పి పెట్టాలో తెలిసిపోతుంది. స్టిక్కులో వరుస తలకిందులుగా కనిపిస్తుంది. ఆయన దాన్ని మనం పేపరు చదివినంత సులువుగా చదివేవారు.

అచ్చు పూర్తయ్యాక అసలు విసుగు పని మొదలు. ఫారం (పేర్చిన పేజీలను బిగించిన చట్రం) విప్పి, కిరసనాయిలుతో కడిగి, ఒక్కో అక్షరాన్నీ మళ్లీ దాని గడిలో వేయాలి. వ గడిలో న పడిందా, మర్నాడు ఎవరి శుభలేఖలోనో వరుడు కాస్తా నరుడై కూర్చుంటాడు.

ఇవేవీ నాన్నగారు మాకు కూర్చోబెట్టి చెప్పినవి కావు. కొంత అమ్మను అడిగితే తెలిసింది. గోళ్ల సందుల్లో సీసం నలుపు ఎంత తోమినా పోయేది కాదట, ఆయనకని వేరే తువ్వాలు ఉంచేదట. సీసానికి విరుగుడని పని దిగగానే బెల్లంముక్క నోట్లో వేసుకునేవారు. అది నిజంగా విరుగుడని నేననుకోను. పుస్తకంలో మాత్రం పెట్టాం. మిగతాది ఆయనతో ట్రెడిల్‌ (కాలితో తొక్కే అచ్చు యంత్రం) తొక్కిన మిత్రుడు చెప్పాడు. 1983 జనవరి ఎన్నికల ముందు వాళ్లు ఇళ్లకు కూడా వెళ్లకుండా పనిచేశారు. ప్రత్యర్థుల కరపత్రాలు పక్కపక్క బల్లల మీదే ఆరుతుండేవి. ఒకరివి ఇంకొకరి కట్టలో కలవకుండా నాన్నగారు కాపలా కాసేవారట. ఆయన ఓటు ఎవరికి వేశారో ఆ మిత్రుడికీ తెలియదు, అమ్మకూ తెలియదు.

మీరు పెద్దవాళ్లను అడిగేటప్పుడు తేదీలు అడగవద్దు. "ఎప్పుడో చాలాకాలం కింద" అనేస్తారు. గుర్తులు పట్టుకుని అడగండి. ప్రెస్సులో చేరింది 1968 కృష్ణా పుష్కరాలకు ముందా, తర్వాతా? అక్క పుట్టింది దివిసీమ ఉప్పెన నాటికా? (అది 1977 నవంబరు 19.) జై ఆంధ్ర ఉద్యమంలో ప్రెస్సు మూతపడిందా? ఇలా అడిగితే అమ్మ ఇంటి అద్దెతో సహా చెప్పేసింది. మీది గోదావరి వైపైతే ఆ పుష్కరాలే పట్టుకోండి, పన్నెండేళ్లకోసారి కాబట్టి లెక్క తప్పదు.

కష్టకాలం గురించి రాయాలా వద్దా అని మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. 1990ల మొదట్లో డీటీపీ వచ్చింది, అక్షరాలు కంప్యూటర్‌లోనే కూర్చడం మొదలైంది. యజమాని టైపునంతా కిలోల లెక్కన పాతసామాను వాళ్లకు అమ్మేశాడు. సంచుల్లో పోసి తూకం వేస్తుంటే నాన్నగారే దగ్గరుండి కట్లు కట్టించారు. తర్వాత చాలాకాలం ఇంట్లో మాట్లాడింది తక్కువ. అన్నయ్య ఇదంతా వద్దన్నాడు. నేను పట్టుబట్టి ఉంచాను. ఎందుకంటే ఆ తర్వాత ప్రూఫులు (అచ్చుకు ముందు తప్పులు దిద్దే కాగితాలు) ఇంటికి తెచ్చుకుని మళ్లీ నిలదొక్కుకున్న మనిషి ఎవరో అప్పుడే పిల్లలకు అర్థమవుతుంది. ఆయనకు కంప్యూటర్‌ మీద కోపం లేదు, అందులో వత్తు పక్కకు జరిగినప్పుడే కోపం. అప్పుల ఊసు, బంధువుల మాటపట్టింపులు మాత్రం తీసేశాం. ఆసుపత్రి రోజులకు ఒక్క వాక్యం. పిల్లల కళ్లలో ఎలాగూ మిగిలి ఉన్న దృశ్యాన్ని అచ్చువేసి మరీ ఇవ్వడం దేనికి?

మనవలు రాసింది దిద్దకండి. బెంగళూరులో పెరిగిన మా అన్నయ్య కూతురికి తెలుగు నేర్పింది నాన్నగారే. తన దగ్గర దాచుకున్న గుప్పెడు టైపు అక్షరాలు ఇచ్చి, స్టాంపుప్యాడు మీద అద్ది కాగితం మీద గుద్దించేవారు. అది ఇలా రాసింది: "నేను తాతయ్యకు ఉత్తరం రాస్తే తప్పులు దిద్ది మళ్లీ నాకే పోస్టు చేశారు. పదికి ఆరు వేశారు. నానమ్మ తిడితే ఏడు చేశారు." వచ్చినవాళ్లందరూ ముందు ఆ పేజీయే చదివారు.

అచ్చు సంగతి ఒకటి. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకమైతే పేజీలు నాలుగు చొప్పున పెరుగుతాయి, పన్నెండు లేదా పదహారు అనుకుని రాసుకోండి. మిగిలిన చోట ఫొటోలు నింపేయకుండా ఆయన చేతిరాత ఏదైనా ఉంటే వేయండి. మేము ఆయన దిద్దిన ఒక ప్రూఫు కాగితాన్ని ఎర్ర గుర్తులతో సహా వేశాం.

ఇక మీ నాన్నగారి విషయం. యంత్రాలు రాకముందు టికెట్ల ట్రే ఎలా ఉండేది, రంగును బట్టి ధర ఎలా గుర్తుపట్టేవారు, చిల్లర లేనప్పుడు టికెట్టు వెనక రాసిచ్చిన బాకీలు సాయంత్రానికి ఎలా తేలేవి, లెక్క తగ్గితే ఎవరు కట్టుకునేవారు? ఇవి ఆయనతో పనిచేసిన డ్రైవరును అడగండి, ఒక్కరైనా దొరుకుతారు. ఆయన నైట్‌హాల్ట్‌ బస్సుకు వెళ్లేవారా? అయితే అది ఏ ఊరో కనుక్కుని, పుస్తకం మొదలుపెట్టక ముందే ఒకసారి వెళ్లి రండి. రాత్రిపూట ఆయనకు మంచినీళ్లూ మంచమూ ఇచ్చినవాళ్లు అక్కడ ఉంటారు. డ్యూటీ దిగిన తర్వాతి మీ నాన్నగారు మీ ఇంట్లోవాళ్లకంటే వాళ్లకే ఎక్కువ తెలిసి ఉండవచ్చు.