విదేశంలో ఉంటూ ఇంటి బిల్లులు కట్టడానికి పాత సేవింగ్స్ ఖాతా వాడవచ్చా?

ప్రశ్న: నేను 2021 నుంచి అమెరికాలోని డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా అమ్మ విజయవాడలో తన పేరున ఉన్న ఫ్లాట్‌లో ఒక్కతే ఉంటోంది. హైదరాబాద్‌లో పనిచేసేటప్పుడు తెరిచిన జీతం ఖాతాలోకి ఇక్కడి నుంచి డబ్బు వేసుకుని, కరెంటు బిల్లు, ఇంటి పన్ను, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ ఆ ఖాతా నుంచే కడుతున్నాను. దాని ఏటీఎం కార్డు, పిన్ అమ్మ దగ్గర ఉన్నాయి. ఈ మధ్య బ్యాంకు కేవైసీ వివరాలు అడుగుతోంది. ఇన్నాళ్లూ చేసింది తప్పా? నేను పంపే డబ్బు మీద అమ్మ పన్ను కట్టాలని బంధువులు అంటున్నారు, నిజమేనా?

జవాబు: అమ్మగారి ఇంటి బిల్లులు మీరు విదేశం నుంచి కట్టడాన్ని ఏ చట్టమూ తప్పు పట్టదు. చిక్కంతా మీరు వాడుతున్న ఖాతాతోనే. విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం, 1999 (ఫెమా) సెక్షన్ 2(వి) ప్రకారం ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్లిన వ్యక్తి భారతదేశం వెలుపల నివసించే వ్యక్తి అవుతాడు. చాలామంది ఆదాయపు పన్ను చట్టంలోని 182 రోజుల లెక్కను ఇక్కడికి తెచ్చి, ఏడాది గడిచాకే హోదా మారుతుందని అనుకుంటారు. ఉద్యోగానికి వెళ్లినవారి విషయంలో ఫెమా అంతకాలం ఆగదు. అలా హోదా మారినవారి సాధారణ సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా (విదేశంలో నివసించేవారు ఇక్కడి రాబడి, ఖర్చుల కోసం ఉంచుకునే రూపాయల ఖాతా) మార్చాలని రిజర్వ్ బ్యాంకు 2016లో తెచ్చిన డిపాజిట్ నిబంధనలు చెబుతున్నాయి. మీ హోదా మారిన సంగతి బ్యాంకుకు తెలియజేయవలసింది మీరే.

ఉల్లంఘన రుజువైతే ఫెమా సెక్షన్ 13 కింద సంబంధిత మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా విధించవచ్చు. ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే కనుక బెంబేలు పడనక్కర్లేదు. అయితే కేవైసీ పత్రంలో విజయవాడ చిరునామా, అమ్మగారి ఫోన్ నంబరు రాసి స్థానికుడిగానే కొనసాగే ఆలోచన ఏమైనా ఉంటే దయచేసి మానుకోండి. ఇప్పటివరకు జరిగింది తెలియక చేసిన జాప్యం. ఆ పత్రం మీద సంతకం చేస్తే తెలిసి చేసిన తప్పుడు ప్రకటన అవుతుంది. పాస్‌పోర్టు, వీసా, అమెరికా చిరునామా రుజువు జతచేసి, ఖాతాను ఎన్ఆర్ఓగా మార్చమని ఇప్పుడే లిఖితపూర్వకంగా కోరండి.

బిల్లులు కట్టడానికి ఎన్ఆర్ఓ ఖాతా సరిపోతుంది. దాని మీద వచ్చే వడ్డీకి మాత్రం బ్యాంకు 30 శాతం పన్ను, దాని మీద సెస్సు మినహాయిస్తుంది. అమెరికాతో ఉన్న ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం కింద ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ సమర్పిస్తే ఇది 15 శాతానికి తగ్గుతుంది. మీరు అక్కడి సంపాదన నుంచి పెద్ద మొత్తాలు కూడా పంపి దాచుకునేవారైతే, వాటి కోసం విడిగా ఎన్ఆర్ఈ ఖాతా (విదేశీ సంపాదనను ఇక్కడ రూపాయల్లో దాచుకునేది) తెరవండి. దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, డబ్బును ఎప్పుడైనా వెనక్కి తీసుకువెళ్లవచ్చు, స్థానిక బిల్లులూ దాని నుంచే కట్టవచ్చు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అమ్మగారి చేతిలో ఉన్న కార్డు. పెద్దవాళ్లు ఏటీఎం గదిలో అద్దాలు వెతుక్కుంటూ, వెనకాల నిలబడ్డ కుర్రాడికి కార్డు ఇచ్చి పిన్ పైకి చదివి చెప్పడం మనం రోజూ చూసేదే. రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, పిన్ వంటి రహస్య వివరాలు ఇతరులతో పంచుకోవడం వల్ల నష్టం జరిగితే, బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాకా ఆ నష్టమంతా ఖాతాదారే భరించాలి. కన్నతల్లికి చెప్పడం కూడా పంచుకోవడమే.

ఖాతాలో అమ్మగారి పేరు కూడా చేర్చితే సరిపోతుందని కొందరు చెబుతారు. ఎన్ఆర్ఓ ఖాతాలో ఇక్కడ నివసించేవారిని 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలోనే చేర్చుకుంటారు, అంటే మీరు జీవించి ఉన్నంతకాలం ఆ ఖాతా నడిపే అధికారం పేరు చేరినంత మాత్రాన ఆమెకు రాదు. అందుకు మీరు బ్యాంకు వారి సొంత అధికార పత్రమో, పవర్ ఆఫ్ అటార్నీయో ఇవ్వాలి. పవర్ ఆఫ్ అటార్నీ అమెరికాలో రాస్తే, అక్కడ ధృవీకరణ చేయించి, భారతదేశానికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు వేయించాలని భారత స్టాంపు చట్టం సెక్షన్ 18 చెబుతుంది. ఆమె ఆ అధికారంతో స్థానిక చెల్లింపులు చేయవచ్చు కానీ, మీ తరఫున మీ ఎన్ఆర్ఈ ఖాతా నుంచి ఇక్కడివారికి బహుమతులు ఇవ్వడానికి వీల్లేదు.

ఇంతకన్నా తేలిక దారి ఉంది. నెలనెలా డబ్బు అమ్మగారి సొంత ఖాతాకే పంపండి, ఆమె అవసరాలకు ఆమె కార్డే ఆమె వాడుకుంటారు. బంధువుల భయం ఇక్కడ అవసరం లేదు. కొడుకు తల్లికి ఇచ్చే డబ్బుకు, అది ఎంతైనా సరే, ఆదాయపు పన్ను లేదు. సన్నిహిత బంధువుల మధ్య బహుమతులను చట్టమే మినహాయించింది. ఆ డబ్బును ఆమె ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ మాత్రం ఆమె ఆదాయం. ఇదే డబ్బు భార్యకు ఇచ్చి, ఆమె పెట్టుబడి పెట్టి ఉంటే దాని మీది రాబడిని మీ ఆదాయంలో కలిపేవారు. తల్లిదండ్రుల విషయంలో ఆ నియమం వర్తించదు. పంపేటప్పుడు ఉద్దేశం అడిగిన చోట 'కుటుంబ పోషణ' ఎంచుకోండి, ఆ కోడ్ పి1301. బ్యాంకు ఇచ్చే రెమిటెన్స్ పత్రాలు (డబ్బు పంపినట్టు రుజువులు) దాచుకోండి.

బిల్లులు మీరే కట్టాలనుకుంటే, విదేశాల నుంచి వచ్చే సొమ్మును భారత్ బిల్ పేమెంట్ వ్యవస్థ ద్వారా నేరుగా బిల్లు సంస్థకే చేర్చడానికి రిజర్వ్ బ్యాంకు 2022లో అనుమతి ఇచ్చింది. అమెరికాతో సహా పది దేశాల ఫోన్ నంబర్లతో ఎన్ఆర్ఐ ఖాతాలకు యూపీఐ వాడుకునే వీలు 2023లో వచ్చింది. మీ బ్యాంకు ఆ సేవ ఇస్తోందో లేదో అడగండి. మెయింటెనెన్స్ సొమ్మును అసోసియేషన్ ఖాతాకే పంపి, వివరం దగ్గర ఫ్లాట్ నంబరు, నెల రాయండి. కార్యదర్శి వ్యక్తిగత ఖాతాకు ఎట్టి పరిస్థితిలోనూ పంపవద్దు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఇంటి పన్ను ఎన్నేళ్లు కట్టినా ఆ రసీదులు మీకు ఫ్లాట్ మీద యాజమాన్య హక్కు ఇవ్వవు. మీరు హిందువులైతే, అమ్మగారు వీలునామా రాయకుండా కాలం చేసిన పక్షంలో హిందూ వారసత్వ చట్టం, 1956 సెక్షన్ 15, 16 ప్రకారం కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటాలే వస్తాయి, బిల్లులు ఎవరు కట్టారన్నది లెక్కలోకి రాదు.

అమెరికా వైపు చూస్తే, 2026 నుంచి అక్కడ అమలైన ఒక శాతం రెమిటెన్స్ పన్ను నగదు, మనీ ఆర్డర్ వంటివాటితో పంపేదానికే; బ్యాంకు ఖాతా నుంచి పంపే మీకు వర్తించదు. కానీ భారత్‌లోని మీ ఖాతాలన్నిటి నిల్వ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలను అమెరికా ప్రభుత్వానికి తెలిపే నివేదిక) దాఖలు చేయాలి. అమ్మగారి ఖాతాలో మీ పేరు జాయింటుగా ఉంటే అది కూడా ఈ లెక్కలోకి వస్తుంది.

ఖాతా మార్పిడి దరఖాస్తు ఇచ్చేముందు పాత ఖాతాకు జోడించిన ఆటో డెబిట్లన్నిటినీ (గడువుకు వాటంతట అవే జరిగే చెల్లింపులు) ఒక కాగితం మీద రాసుకోండి. కొన్ని బ్యాంకుల్లో ఖాతా సంఖ్య మారిపోతుంది, అప్పుడు అవన్నీ ఆగిపోతాయి. కరెంటు సంస్థ ఏపీసీపీడీసీఎల్ సర్వీస్ నంబరు, ఇంటి పన్నుకు నగరపాలక సంస్థ అసెస్‌మెంట్ నంబరు మీ దగ్గర ఉంచుకుని, ఆ నెల బిల్లులు గడువుకు ముందే కట్టేయండి.