మడపోలం మన మాధవరం గుడ్డేనా?

సందేహం: ఎంబ్రాయిడరీ క్లాసులో ‘మడపోలం’ గుడ్డ తెచ్చుకోమన్నారు. పేరు వింటే తెలుగు మాదిరే ఉంది. మా సిద్ధవటం దగ్గరి మాధవరం పేరు మీద వచ్చిందా, లేకపోతే మడిబట్ట నుంచి వచ్చిందా? (ఒక సోదరి, కడప)

సమాధానం: తెలుగు పేరేనని పట్టేసినారు చూడమ్మా, దానికి ఫుల్ మార్కులు, కానీ ఊరు మాత్రం మన మాధవరం కాదు. మాధవరంలో మగ్గాలుండాయి, చీరలు నేస్తారు, పేరూ దగ్గరగానే ఉంది కాబట్టి ఎవరికైనా అట్లే అనిపిస్తాది. అసలు ఊరు పశ్చిమగోదావరిలో నరసాపురం పక్కనుండే మాధవాయపాలెం. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి అక్కడ ఫ్యాక్టరీ ఉండేది, ఫ్యాక్టరీ అంటే మిషన్లూ పొగగొట్టాలూ అనుకునేరు, సరుకు కొని గిడ్డంగిలో పెట్టి ఓడలకెక్కించే కొట్టు అంతే. ఆ ఊరి పేరే గుడ్డకూ అంటుకునింది.

మాధవాయ అరిగి ‘మడ’ అయిందంటే సరే, పాలెం ‘పోలం’ ఎట్లయింది అంటారేమో, దానికి సాక్ష్యం మన సీమలోనే ఉంది. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి పోయినాక మన్రో దొర ఇక్కడి పాలెగాళ్లను అణచినాడు కదా, ఆ కాలం ఇంగ్లీషు రాతల్లో పాలెగాడు ‘పోలిగార్’! పాలెగాడిలో ఉండే పాలె, పాలెంలో ఉండే పాలె ఒకటే, రెండుచోట్లా ‘పా’ను ‘పో’ చేసి రాసుకున్నారు. మాధవరంలో ఆ పాలేనే లేదు, ఇంక పోలం ఎక్కడ్నుంచి వస్తాది. మడిబట్ట సంగతీ అంతే.

గుడ్డ విషయానికొస్తే సాదా నేత, పేక పోగు (అడ్డపోగు) ఒక పడుగు పోగు (నిలువుపోగు) పైన, ఇంకోదాని కింద పోతాది, మెత్తటి నూలుగుడ్డ. ‘కాలికో’ అనే నూలుగుడ్డది కూడా ఇదే నేత, దాని పేరు కేరళలోని కోళిక్కోడ్ ఊరి నుంచి వచ్చింది. తర్వాత ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులు మడపోలం అనే పేరుతోనే నేసి మళ్లీ మన దేశానికే తెచ్చి అమ్మినాయి, మనూరి పేరు మనకే, అదీ దుడ్లకు! రెండో ప్రపంచ యుద్ధంలో మస్కిటో అనే చెక్క విమానానికి కూడా పైన ఈ గుడ్డే అతికించి వార్నిష్ లాంటిది పూసినారు.

రాసేటప్పుడు మడపోలం అనే రాయండి, దిద్ది ‘మాధవాయపాలెం వస్త్రం’ అంటే మీ క్లాసు టీచరుకే అర్థం కాదు. అంగట్లో మాత్రం ఈ పేరు చెప్తే తెల్లమొహం వేస్తారేమో, మెత్తటి తెల్ల కాటన్ గుడ్డ అని అడిగి చేత్తో పట్టి చూసుకోండి.