ఉబుంటులో తెలుగు అక్షరాలు విడిపోతుంటే ఏ టూల్‌కిట్ వాడాలి?

ప్రశ్న: మా ఎరువుల దుకాణం కోసం పైథాన్, టికింటర్‌తో బిల్లింగ్ ప్రోగ్రాం రాసుకున్నాను. విండోస్‌లో బాగానే ఉంది. మా బావమరిది దుకాణంలో ఉబుంటు మీద పెడితే ‘లక్ష్మి’ అన్న పేరులో అక్షరాలూ వత్తులూ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఫాంట్ మార్చినా అంతే. ముందుముందు నలుగురికీ అమ్మాలని కూడా ఉంది. క్యూటీ, జీటీకే, డబ్ల్యుఎక్స్, ఎలక్ట్రాన్, ఫ్లటర్... ఒక్కొక్కరూ ఒక్కో పేరు చెబుతున్నారు. దేనికి మారమంటారు?
- ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: పైసైడ్6కి మారండి. ప్రోగ్రాంకు కిటికీలు, బటన్లు, పెట్టెలు అందించే క్యూటీ టూల్‌కిట్‌ను పైథాన్‌లో వాడుకోవడానికి క్యూటీ కంపెనీ స్వయంగా ఇస్తున్న లైబ్రరీ ఇది.

తప్పు మీ ప్రోగ్రాంలో లేదు, ఫాంట్‌లోనూ లేదు. ‘లక్ష్మి’ కంప్యూటర్‌లో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు సంకేతాలుగా ఉంటుంది. వాటిని కలిపి వత్తులుగా పేర్చడం వేరే పని. విండోస్‌లో ఆ పని విండోసే చూసుకుంటుంది కాబట్టి మీకు తేడా తెలియలేదు. లినక్స్‌లో టికింటర్ వెనకున్న టీకే 8.6 ఆ పని చేయదు, ఒక్కో సంకేతాన్ని వరసగా గీసుకుంటూ పోతుంది. క్యూటీ, జీటీకే రెండూ ఇందుకు హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీని వాడతాయి కాబట్టి అక్షరాలు సరిగ్గా కలుస్తాయి.

ఇంగ్లిష్‌లో రాసే పోలిక వ్యాసాల్లో ఈ విషయం దాదాపు కనిపించదు. బటన్లు ఎంత అందంగా ఉన్నాయి, ప్రోగ్రాం ఎంత వేగంగా తెరుచుకుంటుంది అనేవే ఉంటాయి. మన రైతు పేరు బిల్లు మీద సరిగ్గా రాకపోతే ఆ అందం ఎందుకు? 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న ఒక్క అక్షరం వస్తే చాలు ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయేవి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేయాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీ దగ్గరే తప్పు దొర్లిందంటే, మన భాషను మనమే పరీక్షించుకోవాలి.

అందుకే ప్రోగ్రాం మొత్తం తిరగరాయకండి. ముందు ఒక్క బిల్లు స్క్రీన్ చేసి రెండు కంప్యూటర్లలోనూ పెట్టండి. ‘లక్ష్మి’, ‘స్వాతంత్ర్యం’, ‘సాఫ్ట్‌వేర్’ టైప్ చేసి చూడండి. కర్సర్ ఎక్కడ ఆగుతోందో, బ్యాక్‌స్పేస్ కొడితే ఎంత చెరుగుతోందో గమనించండి. ఉబుంటులో తెలుగు టైపింగ్‌కు ఐబస్ వాడుతుంటే ఇబ్బంది ఉండదు. ఎఫ్‌సిఐటిఎక్స్ అనే ఇంకో టైపింగ్ సాధనం వాడితే మాత్రం పైథాన్ ఇన్‌స్టాలర్ పిప్‌తో వేసుకున్న పైసైడ్‌లో దాని ప్లగిన్ రాదు, తెలుగు టైప్ కాకపోవచ్చు.

పెట్టెల ఎత్తు పిక్సెళ్లలో బిగించకండి. ఇంగ్లిష్‌కు సరిపోయే 24 పిక్సెళ్ల గడిలో ‘కృష్ణ’ అని రాస్తే కింది వత్తు తెగిపోవచ్చు. ఎత్తు సంగతి క్యూటీ లేఅవుట్లకు వదిలేయండి. టేబుల్లో అడ్డువరసల ఎత్తు లోపలి అక్షరాలను బట్టి మారేలా పెట్టండి. మండలి వంటి ఉచిత ఫాంట్‌ను ప్రోగ్రాంతోపాటే ఇస్తే ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనిపిస్తుంది.

థర్మల్ ప్రింటర్ ఉంటే ఇంకో సంగతి. ఆ ప్రింటర్లలో చాలావాటికి సొంతంగా తెలుగు అక్షరాలు ఉండవు. బిల్లును క్యూటీతోనే బొమ్మగా గీయించి, ఆ బొమ్మను ప్రింటర్‌కు పంపాలి.

అమ్మాలనుకుంటున్నారు కాబట్టి లైసెన్సు గురించి కూడా చెప్పాలి. పైక్యూటీ అని ఇంకొకటి ఉంది, కోడ్ దాదాపు ఇలాగే ఉంటుంది. కానీ అది జీపీఎల్ అనే లైసెన్సు కింద వస్తుంది. మీ సోర్స్ కోడ్ ఇవ్వకుండా అమ్మాలంటే డబ్బు కట్టి లైసెన్సు కొనాలి. పైసైడ్ ఎల్‌జీపీఎల్ అనే కాస్త సడలింపు ఉన్న లైసెన్సు కింద కూడా దొరుకుతుంది. లైసెన్సు పాఠం జతచేసి, కొన్నవాళ్లు క్యూటీ లైబ్రరీని మార్చుకునే వీలు ఉంచితే మీ కోడ్ మీ దగ్గరే పెట్టుకోవచ్చు.

మిగతావి చెడ్డవని కాదు. ఆడాసిటీ అనే ఆడియో ప్రోగ్రాం తయారీకి వాడిన డబ్ల్యుఎక్స్‌విడ్జెట్స్ కూడా మీ పనికి వస్తుంది. జీటీకే లినక్స్‌లో హాయిగా ఉంటుంది కానీ విండోస్‌కు ప్యాక్ చేయడం తలనొప్పి. ఫ్లటర్‌కు డార్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలి. ఎలక్ట్రాన్‌లో చేసిన ప్రతి ప్రోగ్రాం ఓ క్రోమియం బ్రౌజర్‌ను వెంట మోసుకొస్తుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న దుకాణం కంప్యూటర్ మీద అంత బరువు పెట్టడం నాకు ఇష్టం లేదు.

కొనేవాళ్లలో ఎవరి దగ్గరైనా విండోస్ 7 ఉందేమో ముందే కనుక్కోండి. క్యూటీ 6కు విండోస్ 10 కావాలి. తప్పదంటే పైథాన్ 3.8, పైసైడ్2 వాడాలి, అవి పాతబడిపోయాయని తెలిసే.

ప్రశ్న: పైసైడ్‌తో ప్రోగ్రాం పూర్తయింది. నా విండోస్ ల్యాప్‌టాప్ మీదే లినక్స్, మ్యాక్‌లకు కూడా ప్యాకేజీ తయారుచేయవచ్చా?
- ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పైథాన్ ప్రోగ్రాంను ప్యాకేజీగా మార్చే పైఇన్‌స్టాలర్‌తో కుదరదు. అది ఏ సిస్టమ్ మీద నడిస్తే ఆ సిస్టమ్‌కే ప్యాకేజీ ఇస్తుంది. మ్యాక్ కొనక్కర్లేదు, గిట్‌హబ్ యాక్షన్స్ అనే ఆన్‌లైన్ సేవలో మూడు రకాల మెషిన్లూ దొరుకుతాయి. లినక్స్ ప్యాకేజీని మాత్రం మీరు సపోర్ట్ చేయదలచుకున్న వాటిలో అన్నిటికంటే పాత ఉబుంటు మీద తయారుచేయండి. కొత్తదాంట్లో చేసినది పాతదాంట్లో జీలిబ్‌సీ (లినక్స్ మూల లైబ్రరీ) ఎర్రర్ ఇచ్చి తెరుచుకోకపోవచ్చు. మ్యాక్‌లో హెచ్చరికలు లేకుండా తెరుచుకోవాలంటే ఆపిల్ డెవలపర్ ఖాతా కావాలి, ఏడాదికి 99 డాలర్లు. మ్యాక్ వాడే కస్టమర్ దొరికాకే ఆ ఖర్చు పెట్టుకోండి.