2.0 లీటర్ల పెట్రోల్ ఇంజన్‌కు ఏ సైజు టర్బో సరిపోతుంది?

మీరు అడిగింది ఇదీ: నాలుగు సిలిండర్ల 2.0 లీటర్ల పెట్రోల్ ఇంజన్, రోజూ రోడ్డు మీద తిరిగే కారు, 300 హెచ్‌పీ కావాలి. ఒకరు పెద్ద టర్బో పెట్టమంటున్నారు, ఇంకొకరు చిన్నది చాలంటున్నారు. ఎ/ఆర్, ట్రిమ్ అంటే ఏమిటో, టర్బోతో పాటు ఇంకేం మార్చాలో అర్థం కావడం లేదు.

చాలాకాలంగా టర్బోలు విప్పి బిగించే పనిలోనే ఉన్నాను కాబట్టి సూటిగా చెప్పేస్తాను. రోడ్డు కారుకి, 300 హెచ్‌పీకి చిన్నదే సరైనది. కాకపోతే ఎంత చిన్నది అన్నది లెక్క వేస్తే గానీ తేలదు. అమ్మేవాళ్లు '450 హెచ్‌పీ టర్బో' అని చెప్పే అంకెను మాత్రం పక్కన పెట్టండి. టర్బోలో గాలిని నొక్కే భాగమైన కంప్రెసర్ మహా అయితే ఎంత గాలి తోయగలదో అది చెప్తుంది, ఏ ఆర్పీఎం నుంచి తోస్తుందో చెప్పదు. రేపెప్పుడో పవర్ పెంచుకోవచ్చు కదా అని ఇప్పుడే పెద్దది కొనడం, ఎదిగే పిల్లాడికని రెండు సైజులు పెద్ద చెప్పులు కొన్నట్టు ఉంటుంది. అవి సరిపోయేదాకా ఈడ్చుకుంటూ నడవాల్సిందే.

ముందు గాలి లెక్క. పెట్రోల్ ఇంజన్‌లో ఒక్కో హెచ్‌పీకి నిమిషానికి సుమారు 45 గ్రాముల గాలి కావాలి. ఇది మోటు లెక్కే, కానీ బాగానే పనికొస్తుంది. 300 హెచ్‌పీకి నిమిషానికి 13.6 కిలోలు, అంటే 30 పౌండ్లు. కంప్రెసర్ మ్యాపులు (ఎంత గాలి, ఎంత పీడనం దగ్గర కంప్రెసర్ ఎలా పనిచేస్తుందో చూపే పటాలు) చాలావరకు పౌండ్లలోనే ఉంటాయి కాబట్టి ఈ 30 గుర్తుపెట్టుకోండి.

ఇక మీ ఇంజన్ 6500 ఆర్పీఎం దగ్గర ఎంత మింగుతుందో చూద్దాం. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి సిలిండర్లన్నీ నిండుతాయి. 2 లీటర్లను 3250తో గుణించి, 90 శాతమే నిండుతాయనుకుంటే నిమిషానికి 5850 లీటర్లు. టర్బో లేకుండా 25 డిగ్రీల గాలి లాగితే అది 6.9 కిలోలు, దగ్గర దగ్గర 150 హెచ్‌పీ. మీకు కావాల్సింది దానికి రెట్టింపు. అదే 5850 లీటర్లలో 13.6 కిలోలు కూరాలంటే ఘనపు మీటరుకు 2.33 కిలోల సాంద్రత ఉండాలి. ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లార్చేది) దాటాక గాలి 45 డిగ్రీలుందనుకుంటే, ఇంజన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో 2.13 బార్ ఉండాలి. ఇది వాతావరణ పీడనాన్ని కూడా కలుపుకున్న అంకె. వాతావరణ పీడనానికి పైన ఉన్నదే బూస్ట్, మీటర్ మీద మీకు కనిపించేది 1.1 బార్.

చాలామంది ఇక్కడే ఆగి, ప్రెజర్ రేషియో (కంప్రెసర్ నుంచి బయటికొచ్చే పీడనాన్ని లోపలికెళ్లే పీడనంతో భాగిస్తే వచ్చేది) 2.1 అని రాసేసుకుంటారు. అసలు తేడా ఇక్కడే వస్తుంది. ఇంటర్‌కూలర్, పైపులు కలిసి 0.14 బార్ తినేస్తాయనుకోండి, అప్పుడు కంప్రెసర్ నుంచి బయటికి 2.27 బార్ రావాలి. ఇటు ఎయిర్ ఫిల్టర్ అడ్డు వల్ల కంప్రెసర్ ముందు 1.01కి బదులు 0.96 బారే ఉంటుంది. 2.27ని 0.96తో భాగిస్తే 2.36. మ్యాప్ మీద చుక్క పెట్టాల్సింది ఈ అంకె దగ్గర. సముద్రమట్టానికి 2000 మీటర్ల ఎత్తున బయటి గాలి పీడనం 0.8 బార్‌కు కాస్త తక్కువే ఉంటుంది. అక్కడా మానిఫోల్డ్‌లో అదే 2.13 బార్ కావాలంటే రేషియో 3 దాటిపోతుంది. ఇంజన్ కంప్యూటర్ అయిన ఈసీయూలో దీనికి తగ్గట్టు బూస్ట్ తగ్గించకపోతే, కింద హాయిగా తిరిగిన టర్బో ఘాట్ రోడ్డెక్కాక ఓవర్‌స్పీడ్ అవుతుంది.

ఇప్పుడు మ్యాప్ తెరవండి. అడ్డంగా గాలి ప్రవాహం, నిలువుగా ప్రెజర్ రేషియో. మధ్యలో ద్వీపాల్లా కనిపించే గీతలు ఎఫిషియెన్సీ. ఎడమ అంచు సర్జ్ గీత, దానికి ఎడమపక్కన గాలి ముందుకు పోలేక కంప్రెసర్‌లోంచి వెనక్కి తన్నుతుంది. కుడివైపు ఎఫిషియెన్సీ పడిపోయే చోటు చోక్. మీ 30 పౌండ్లు, 2.36 చుక్క 70 శాతం పైనున్న ద్వీపంలో పడితే మంచిది. ఎందుకంటే ఎఫిషియెన్సీ తగ్గితే మిగిలిన శ్రమంతా వేడిగా గాలిలోకే పోతుంది. 25 డిగ్రీల గాలిని 2.36 రెట్లకు నొక్కితే, 75 శాతం ఎఫిషియెన్సీ ఉన్న కంప్రెసర్ దాన్ని 136 డిగ్రీల దగ్గర బయటికి పంపుతుంది. 60 శాతం అయితే 163 డిగ్రీలు. బూస్ట్ మీటర్‌కు ఈ తేడా తెలియదు, రెండింటికీ ఒకే అంకె చూపిస్తుంది. ఇంజన్‌కు మాత్రం తెలుస్తుంది, నాకింగ్ (సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి దానంతటదే పేలడం) మొదలవుతుంది.

ఒక్క చుక్కతో సరిపెట్టకండి. 3000 ఆర్పీఎం దగ్గర కూడా ఇదే బూస్ట్ కావాలనుకుంటే గాలి సుమారు 14 పౌండ్లే. ఆ చుక్క సర్జ్ గీతకు కుడిపక్కన ఉండాలి. 60 పౌండ్లు తోసే కంప్రెసర్ మ్యాప్ మీద అది తరచుగా గీతకు ఎడమపక్కకో, దాని మీదికో పోతుంది. నిజానికి పెద్ద కంప్రెసర్‌తో పాటు పెద్ద టర్బైన్ (ఎగ్జాస్ట్ పొగకు తిరిగి, కంప్రెసర్‌ను తిప్పే చక్రం) కూడా ఉంటే 3000 దగ్గర ఆ బూస్ట్ రానే రాదు, ల్యాగ్‌తోనే, అంటే బూస్ట్ కోసం ఎదురుచూడటంతోనే సరిపోతుంది. పెద్ద కంప్రెసర్‌కి చిన్న టర్బైన్ హౌసింగ్ తగిలించిన కలగాపులగం సెట్లతోనే అసలు టెన్షన్. బూస్ట్ తొందరగా వస్తుంది, ఇంజన్ ఆ గాలి తీసుకోలేదు, కంప్రెసర్ వెనక్కి తన్నుతుంది. యాక్సిలరేటర్ నొక్కి ఉంచినప్పుడే ముందు నుంచి గుర్గుర్ మని చప్పుడు వస్తే అది గొప్పగా వీడియో తీసుకునే శబ్దం కాదు, షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టే థ్రస్ట్ బేరింగ్‌ను అరగదీసే శబ్దం.

ట్రిమ్ గురించి ఎక్కువ బుర్ర పెట్టక్కర్లేదు. కంప్రెసర్ వీల్‌లో గాలి లోపలికి వెళ్లే వైపు వ్యాసాన్ని బయటికి వచ్చే వైపు వ్యాసంతో భాగించి, వర్గం చేసి, వందతో గుణిస్తే ట్రిమ్. 45 మి.మీ., 60 మి.మీ. అయితే 56. ఒకే సైజు వీల్‌లో ట్రిమ్ పెరిగితే గాలి కాస్త ఎక్కువ పోతుంది, అంతే. మ్యాప్ చేతిలో ఉంటే ఆ సంగతి అందులోనే ఉంటుంది.

మీరు అసలు బుర్ర పెట్టాల్సింది టర్బైన్ వైపు ఎ/ఆర్ మీద. నత్తగుల్లలా చుట్టుకున్న హౌసింగ్ దారిని ఒకచోట అడ్డంగా కోస్తే వచ్చే వైశాల్యాన్ని, షాఫ్ట్ మధ్య నుంచి ఆ కోత మధ్యకు ఉన్న దూరంతో భాగిస్తే వచ్చేదే ఎ/ఆర్. కంప్రెసర్ వైపు దాని ప్రభావం తక్కువ. టర్బైన్ వైపు కారు స్వభావమే మారిపోతుంది. ఒకే టర్బోకి 0.63, 0.82 అని రెండు హౌసింగ్‌లు దొరుకుతాయనుకోండి. 0.63తో ఎగ్జాస్ట్ వేగంగా వీల్‌ను తాకుతుంది, స్పూల్ (టర్బో వేగం అందుకోవడం) ముందే మొదలవుతుంది, పై ఆర్పీఎంలో మాత్రం పొగ బయటికి పోలేక వెనక ఒత్తిడి పెరుగుతుంది. 0.82తో ఇదంతా తిరగబడుతుంది. మీ అవసరానికి నేనైతే చిన్న హౌసింగే పెడతాను. ఒక హెచ్చరిక: ఎ/ఆర్ అంకెను ఒకే కుటుంబం టర్బోల మధ్యే పోల్చాలి. వేరే కంపెనీ, వేరే వీల్ అయితే ఆ పోలికకు అర్థం లేదు. కొందరు తయారీదారులైతే ఎ/ఆర్ బదులు వైశాల్యాన్నే చదరపు సెంటీమీటర్లలో ఇస్తారు.

హౌసింగ్ సరిపోయిందో లేదో ఊహించక్కర్లేదు, కొలవొచ్చు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో టర్బైన్‌కు ముందు చిన్న రంధ్రం చేసి, సన్నటి స్టీల్ గొట్టాన్ని నాలుగైదు చుట్లు చుట్టి, చివర మామూలు ప్రెజర్ గేజ్ తగిలిస్తాను. గొట్టం పొడవుకు వేడి తగ్గిపోతుంది కాబట్టి గేజ్ కాలదు. ఫుల్ థ్రాటిల్‌లో బూస్ట్ 1.1 బార్ ఉన్నప్పుడు ఇక్కడ 1.5 దాకా చూపిస్తే రోడ్డు కారుకి ఏ గొడవా లేదు. 2.2 చూపిస్తే ఎగ్జాస్ట్ వైపు గొంతు నొక్కినట్టే. అప్పుడు బూస్ట్ ఎంత పెంచినా పవర్ పెద్దగా పెరగదు, నాకింగ్ మాత్రం పెరుగుతుంది. ఈ ఒక్క గేజ్ ఎన్నో వాదనలకు తెర దించేసింది.

చరిత్రలోనూ ఇదే పాఠం ఉంది. 1973లో బీఎండబ్ల్యూ '2002 టర్బో' అనే మోడల్ వచ్చింది. 2.0 లీటర్లు, 170 హెచ్‌పీ, కంప్రెషన్ రేషియో (సిలిండర్‌లో మిశ్రమాన్ని పిస్టన్ ఎన్నో వంతుకు నొక్కుతుందో చెప్పే అంకె) 6.9. కింద ఆర్పీఎంలో మందకొడిగా ఉండి, తర్వాత ఒక్కసారిగా లాగేదని పేరు. 1978లో అమ్మకానికి వచ్చిన సాబ్ 99 టర్బో కూడా 2.0 లీటర్లదే. 145 హెచ్‌పీతో ఆగిపోయారు గానీ చిన్న టర్బో, వేస్ట్‌గేట్ (అదనపు పొగను టర్బైన్ పక్కగా వదిలేసే గేటు) పెట్టి మధ్య ఆర్పీఎంలోనే పికప్ వచ్చేలా చేశారు. ఇప్పటి టర్బో రోడ్డు కార్లు చాలావరకు నడుస్తున్నది ఈ రెండో దారిలోనే.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఎలాగూ మారుస్తారు కాబట్టి ట్విన్ స్క్రోల్ (పొగకు రెండు విడి దారులున్న టర్బైన్ హౌసింగ్) గురించి కూడా ఆలోచించండి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 అయితే 1, 4 సిలిండర్లు ఒక దారిలో, 2, 3 ఇంకో దారిలో టర్బైన్ దాకా కలవకుండా వెళ్లాలి. మానిఫోల్డ్ మామూలుది ఉంచి హౌసింగ్ ఒక్కటే ట్విన్ స్క్రోల్ పెడితే దండగ. డీజిల్ కార్లలో ఉండే వేరియబుల్ వేన్ టర్బోను (టర్బైన్ చుట్టూ కదిలే రెక్కలున్నది) తెచ్చి పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. పెట్రోల్ ఎగ్జాస్ట్ 950 డిగ్రీలు దాటగలదు, ఆ వేడికి మామూలు డీజిల్ టర్బో వేన్లు నిలవవు. పోర్షే 2006లో 911 టర్బోకి ఇది పెట్టిందంటే అందుకు తగిన లోహాలు వాడింది.

వేస్ట్‌గేట్ విషయంలో పిసినారితనం వద్దు. చిన్న హౌసింగ్ పెట్టినప్పుడు పై ఆర్పీఎంలో పక్కకు వదిలేయాల్సిన పొగ చాలా ఉంటుంది. గేటు చిన్నదైతే పూర్తిగా తెరుచుకున్నా చాలదు, బూస్ట్ 1.1 దగ్గర ఆగకుండా 1.2, 1.3 అని పాకుతూ పోతుంది. దీన్ని బూస్ట్ క్రీప్ అంటారు. కంట్రోలర్ మార్చినా, స్ప్రింగ్ మార్చినా పోదు. గేటు రంధ్రం పెద్దది చేయాలి, లేదా ఎక్స్‌టర్నల్ వేస్ట్‌గేట్ పెట్టాలి.

అన్నిటికంటే ఎక్కువ టర్బోలను అన్యాయంగా బలితీసుకునేది ఆయిల్ డ్రెయిన్ పైపు. ఒక కారు నీలిపొగతో మా దగ్గరికి వచ్చింది. అప్పటికే ఇంకోచోట టర్బో మార్చేశారు, అయినా పొగ ఆగలేదు. కొత్త టర్బో విప్పి షాఫ్ట్‌ను పట్టుకుని చూస్తే ముందుకీ వెనక్కీ కదలిక లేదు, బేరింగ్ శుభ్రంగా ఉంది. డ్రెయిన్ ఫ్లాంజ్ ఊడదీస్తే, గ్యాస్కెట్‌కు బదులు పూసిన సీలెంట్ లోపలికి పొంగి గట్టిపడి సగం రంధ్రం మూసేసి ఉంది. టర్బో లోపల రబ్బరు సీల్ ఉండదు. పిస్టన్ రింగ్ లాంటి సన్నటి రింగే ఉంటుంది. ఆయిల్ కిందికి జారిపోతున్నంతసేపే అది ఆపగలదు. దారి మూసుకుపోతే ఆయిల్ టర్బైన్‌లోకి కారుతుంది. సీలెంట్ గీకేసి సరైన గ్యాస్కెట్ వేశాక అదే టర్బోతో పొగ పోయింది. ఇంజన్ లోపలి ఒత్తిడిని బయటికి వదిలే బ్రీదర్ మూసుకుపోయినా ఇదే కథ.

కాబట్టి డ్రెయిన్ పైపు లావుగా, వంపులు లేకుండా, వీలైనంత నిట్టనిలువుగా దిగాలి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లో ఆయిల్ మట్టానికి పైన చేరాలి. బాల్ బేరింగ్ టర్బో తీసుకుంటే ఆయిల్ వచ్చే వైపు తయారీదారు చెప్పిన రిస్ట్రిక్టర్ (ఆయిల్ ప్రవాహాన్ని తగ్గించే సన్నటి రంధ్రం) పెట్టండి. మామూలు జర్నల్ బేరింగ్ టర్బో చేతిలో పట్టుకున్నప్పుడు షాఫ్ట్ పక్కలకు కాస్త ఊగితే పాడైందనుకోకండి. ఆయిల్ పొర మీద తేలేందుకు ఇచ్చిన సందు అది. ముందుకీ వెనక్కీ ఆడితే మాత్రం అనుమానించండి. కూలెంట్ లైన్లున్న టర్బో అయితే వాటిని తప్పకుండా కలపండి, ఇంజన్ ఆపాక బేరింగ్ దగ్గర ఆయిల్ మాడకుండా కాపాడేది అవే.

యాక్సిలరేటర్ వదిలినప్పుడు పైపుల్లో మిగిలిన బూస్ట్ గాలిని వదిలేసే బ్లో ఆఫ్ వాల్వ్ గురించి ఒక్క మాట. మీ ఇంజన్‌లో ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉంటే గాలిని బయటికి వదిలేది కాకుండా సెన్సర్ తర్వాత, టర్బోకు ముందున్న పైపులోకి తిరిగి పంపేది పెట్టండి. లేకపోతే సెన్సర్ లెక్కేసిన గాలి బయటికి పోయి, గేర్ మార్చిన ప్రతిసారీ పెట్రోల్ ఎక్కువై ఇంజన్ దగ్గుతుంది. ఇంజెక్టర్లు కూడా మార్చాల్సి రావచ్చు. 13.6 కిలోల గాలికి 12:1 పాళ్లలో నిమిషానికి 1.13 కిలోల పెట్రోల్ కావాలి. నాలుగు ఇంజెక్టర్లకు పంచి, 85 శాతానికి మించి తెరిచి ఉంచకూడదనుకుంటే ఒక్కోటి నిమిషానికి 450 సీసీ ఇవ్వగలగాలి. పంపు కూడా ఆ బూస్ట్‌లో అంత ఇవ్వగలదో లేదో చూసుకోండి.

మీ కంప్రెషన్ రేషియో ఎంతో, ఏ ఆక్టేన్ పెట్రోల్ వాడతారో రాయలేదు. 10.5 పైన ఉండి, మామూలు పెట్రోలే పోస్తానంటే ఈ 1.1 బార్ బూస్ట్ భద్రం కాదు, లక్ష్యాన్నే తగ్గించుకోవాలి. 9 దగ్గర ఉంటే పై లెక్క అలాగే నడుస్తుంది. ఆ రెండు వివరాలూ, మీరు అనుకుంటున్న టర్బో మ్యాప్ ఫొటో పెట్టండి, చుక్కలు ఎక్కడ పడతాయో గుర్తుపెట్టి చూపిస్తాను.