టెక్ సందేహాలు: అమ్మ చూపును ఫోన్ తనంతట తానే నేర్చుకుంటుందా?

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లె. అమ్మకు 58 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ లేసు అల్లుతోంది. ఈమధ్య ఫోన్‌లో అక్షరాలు ఆనడం లేదంటోంది. షాపులో అడిగితే "ఏఐ ఫోన్ తీసుకోండి, మనిషిని బట్టి అదే మారిపోతుంది" అన్నారు. కొనమంటారా?

జవాబు: అందుకోసమైతే కొనకండి. ముందు అమ్మను కంటి డాక్టరుకు చూపించండి. దగ్గరి చూపు అద్దాలు మారితే సగం ఇబ్బంది అక్కడే తీరిపోవచ్చు. శుక్లాలు మొదలై ఉంటే ఏ ఫోనూ చేయగలిగింది పెద్దగా ఉండదు.

అయితే మనిషిని బట్టి మారే తెర అనేది ఉత్త మాట కాదు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో గాయోస్, వోబ్రాక్, వెల్డ్ అనే పరిశోధకులు 'సప్ల్' అనే వ్యవస్థ తయారు చేశారు. ముందు మనిషి చేత తెరమీద చిన్నచిన్న పనులు చేయిస్తారు: ఇక్కడ నొక్కండి, దీన్ని అక్కడికి లాగండి అని. చెయ్యి ఎక్కడ తడబడుతోందో, ఎంత పెద్ద బటన్ అయితే తప్పిపోకుండా నొక్కగలరో కంప్యూటర్ నేర్చుకుని, ఆ ఒక్క మనిషి కోసం తెరను మళ్లీ కూర్చుతుంది. చూపు తక్కువైన వారికోసం అక్షరాల సైజునూ లెక్కలోకి తీసుకుంటుంది. 2008లో వాళ్లు ప్రచురించిన ఫలితాల ప్రకారం, చేతుల కదలికలో ఇబ్బంది ఉన్నవారు మామూలు తెర కంటే దీనిమీద 26 శాతం వేగంగా పని ముగించారు. తప్పులు 73 శాతం తగ్గాయి.

మరి ఇన్నేళ్లయినా ఇది అమ్మ ఫోన్‌లోకి ఎందుకు రాలేదు? నాకు కనిపించే కారణాలు రెండు. బటన్ తప్పి పక్కన నొక్కారని ఫోన్‌కు తెలుస్తుంది గానీ ఎందుకు తప్పిందో తెలియదు. అద్దాలు పెట్టుకోలేదా, ఎండ తెరమీద పడిందా, బస్సు కుదిపిందా? ఆ ఒక్క పూట చూసి తెరంతా మార్చేస్తే ఎలా? రెండోది ఇంకా ముఖ్యం. పెద్దవాళ్లు చాలామంది ఫోన్‌ను చదివి వాడరు, చోటు గుర్తుపెట్టుకుని వాడతారు. "కింద ఎడమ పక్క పచ్చది నొక్కితే అబ్బాయికి ఫోన్ వెళ్తుంది" అని వాళ్ల లెక్క. ఫోన్ తెలివి చూపించి దాన్ని పక్కకు జరిపితే పాపం వాళ్లు మళ్లీ మొదటికి వస్తారు. అందుకే యంత్రం ఎంత నేర్చుకున్నా అడిగాకే మార్చాలి. మార్చింది నచ్చకపోతే ఒక్క నొక్కుతో వెనక్కి వచ్చే వీలుండాలి.

ఇప్పుడున్న ఫోన్‌లో నిజంగా నేర్చుకునేది ఒకటుంది: అడాప్టివ్ బ్రైట్‌నెస్. 2018లో ఆండ్రాయిడ్ 9తో వచ్చింది. ఏ వెలుతురులో మీరు వెలుగును ఎంతకు జరుపుతున్నారో చూసి, తర్వాత అదే జరుపుకుంటుంది. చాలామంది "సరిగ్గా పనిచేయడం లేదు" అని దాన్ని ఆపేస్తారు. ఆపితే నేర్చుకోవడమూ ఆగిపోతుంది. ఆన్‌లోనే ఉంచి, అరుగు మీద లేసు అల్లేటప్పుడు ఒకసారి, రాత్రి లైటు కింద ఒకసారి అమ్మ చేతే జరిపించండి.

అక్షరాల సంగతి మాత్రం మీరే చూడాలి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఫాంట్ సైజు (అక్షరాలు మాత్రమే), డిస్‌ప్లే సైజు (తెరమీద ఉన్నవన్నీ) అని రెండు వేర్వేరుగా ఉంటాయి. ఫాంట్ చివరిదాకా లాగితే కొన్ని యాప్‌లలో మాటలు తెగిపోతాయి, డబ్బు పంపే బటన్ తెర కిందికి దిగిపోతుంది. ఫాంట్ ఒక మెట్టు తగ్గించి, డిస్‌ప్లే సైజు ఒక మెట్టు పెంచి చూడండి. ఆ తర్వాత యూపీఐ యాప్ తెరిచి, అంకెలు అమ్మ చేత పైకి చదివించండి. ఐదువందలకూ ఐదువేలకూ తేడా తడుముకోకుండా చెప్పగలిగితే సరిపోయినట్టే. తెల్ల తెర కళ్లలో గుచ్చుతోందంటే డార్క్ థీమ్ పెట్టండి.

ప్రశ్న: భీమవరం దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి. నాన్నగారికి వినికిడి తగ్గింది. ఫోన్ సౌండు ఫుల్లు పెట్టినా "వినపడుతోంది గానీ ఏమంటున్నారో తెలియట్లేదు" అంటారు. ఇంకోటి, రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు (చెరువు నీళ్లకు గాలి అందించే యంత్రాలు) ఆగితే ఫోన్ కనిపెట్టి ఆయన్ను లేపగలదా?

జవాబు: నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. వయసుతో ముందు పోయేది సన్నని, పదునైన శబ్దాల వినికిడి. స, ష, త, క లాంటివి జారిపోతాయి, అచ్చులు మాత్రం దిట్టంగా వినిపిస్తాయి. వాల్యూమ్ పెంచితే ఆ అచ్చులే ఇంకా గోల చేస్తాయి. కావలసింది తగ్గినచోట మాత్రమే పెంచడం. ఐఫోన్ అయితే వినికిడి పరీక్షలో ఇచ్చిన ఆడియోగ్రామ్ (ఏ శబ్దం ఎంత వినిపిస్తోందో చూపే చార్టు) ఎక్కిస్తే హెడ్‌ఫోన్ శబ్దాన్ని దాని ప్రకారం మారుస్తుంది. ఆండ్రాయిడ్‌లో సౌండ్ యాంప్లిఫయర్ యాప్ ఉంది. ఏది వాడినా ఈఎన్‌టీ డాక్టరు దగ్గర పరీక్ష అయ్యాకే.

ఎదురెదురుగా మాట్లాడేటప్పుడు ఆండ్రాయిడ్‌లో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే యాప్ పెట్టి చూడండి. మనం మాట్లాడే తెలుగును తెరమీద అక్షరాలుగా వేస్తుంది. నెట్ ఉండాలి, ఫోన్ మాట్లాడేవారి నోటికి దగ్గరగా ఉండాలి. చెరువు గట్టుమీద ఏరేటర్ల హోరులో మాత్రం దాన్ని నమ్ముకోకండి.

ఏరేటర్ల విషయంలో ఖచ్చితంగా చెబుతున్నాను, ఫోన్ మీద ఆధారపడొద్దు. ఆండ్రాయిడ్‌లో సౌండ్ నోటిఫికేషన్స్ ఉంది. తలుపు తట్టడం, పాప ఏడవడం, పొగ అలారం లాంటి శబ్దాలను మెషీన్ లెర్నింగ్‌తో గుర్తుపట్టి వైబ్రేషన్, ఫ్లాష్ ఇస్తుంది. అది వచ్చే శబ్దాన్ని పట్టుకోవడానికి చేసింది, ఆగిపోయిన శబ్దాన్ని కాదు. చెరువులో ఆక్సిజన్ పడిపోతే రొయ్య తెల్లారేదాకా ఆగదు. సిమ్‌తో పనిచేసే పవర్ ఫెయిల్ అలారం పెట్టించండి, కరెంటు పోగానే కాల్ చేస్తుంది. ఆ కాల్ నాన్నగారికి ఒక్కరికే కాకుండా మీకూ, కాపలా మనిషికీ వచ్చేలా పెట్టండి.

ప్రశ్న: అంబాజీపేట దగ్గర మా తాతయ్య కొబ్బరి పీచు పని చేసేవారు. వేలిముద్రలు పడవు, టచ్ కూడా సరిగ్గా పలకదు.

జవాబు: టచ్ తెర వేలి చర్మంలోంచి వెళ్లే విద్యుత్ ప్రభావాన్ని పట్టుకుంటుంది. చర్మం ఎండి కాయలు కాస్తే అది బలహీనపడుతుంది. మీ ఫోన్‌లో టచ్ సెన్సిటివిటీ అనే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి, మందపాటి స్క్రీన్ గార్డు తీసేయండి. ఆయన పింఛనుకు జీవన్ ప్రమాణ్ (బతికే ఉన్నారని చూపే డిజిటల్ ధ్రువపత్రం) కావాలంటే వేలిముద్ర లేకుండా ముఖం చూపించి ఇవ్వవచ్చు, 2021 నవంబర్ నుంచి ఆ వీలుంది.

ప్రశ్న: ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేస్తుందని వాట్సాప్‌లో ఎవరో ఒక యాప్ పంపారు. యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతోంది. ఇవ్వొచ్చా? (అమలాపురం)

జవాబు: ఇవ్వకండి. ఆ అనుమతి ఉన్న యాప్ తెరమీద ఉన్నదంతా చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. చూపు లేనివారికి తెర చదివి వినిపించే టాక్‌బ్యాక్ పనిచేసేది దానితోనే. దొంగలు బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసేదీ దానితోనే. అక్షరాలు పెంచడానికి బయటి యాప్ అవసరమే లేదు. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే వెంటనే నెట్ ఆపండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి ఆ యాప్‌ను ఆఫ్ చేసి, తీసేయండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.