జోధ్‌పూర్‌లో రాజ్‌పుత్ పెళ్ళికి వెళ్తుంటే ఏం వేసుకోవాలి, ఏం కొనాలి?

ఫిబ్రవరిలో స్నేహితురాలి పెళ్ళికి జోధ్‌పూర్ వెళ్తున్నామని, అక్కడి బట్టలు, నగలు వేసుకోవాలని ఉందని, ఏవి కొనాలో తెలియక టెన్షన్‌గా ఉందని అడిగారు. మావారి ఉద్యోగం వల్ల మేము చాలాకాలం జోధ్‌పూర్‌లో ఉన్నాం. మా ఇంటి ఓనర్లు రాజ్‌పుత్‌లు. ఇంటావిడను అందరూ మాసా అని పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. నాకు తెలిసింది చాలావరకు ఆవిడ చెప్పిందే.

అక్కడి ఆడవాళ్ళ కట్టును పోషాక్ అంటారు. ఘాఘ్రా అంటే కుచ్చుల లంగా, లోపల చేతులున్న రవిక కాంచ్లీ, దాని మీద చేతుల్లేని కుర్తీ, పైన తల మీదుగా కప్పుకునే ఓఢ్నీ. మొదటి మూడూ కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. చూసేది ఓఢ్నీనే. ఏ ఋతువులో ఉన్నాం, ఆ ఇంట్లో ఏం జరిగింది, కప్పుకున్న మనిషి ఎవరు అనేది దాన్ని చూసి చెప్పేస్తారు.

మాసా కోడలికి బాబు పుట్టినప్పుడు పుట్టింటివాళ్ళు పీలా తెచ్చారు. పసుపు బట్ట, చుట్టూ ఎర్రంచు, మధ్యలో పెద్ద ఎర్రటి గుండ్రం. బాలింత అది కప్పుకునే బావి పూజకు వెళ్తుంది. బజార్లో పీలా చూస్తే మనసు లాగేస్తుంది, అంత అందంగా ఉంటుంది. కానీ అది తల్లి అయిన కూతురికి పుట్టింటివాళ్ళు పెట్టే బట్ట. పెళ్ళి కోసమని మీరు కొనుక్కోకండి. ఏటవాలు చారల లహరియా శ్రావణమాసం బట్ట, తీజ్ పండుగకి ఊరంతా అదే కనిపిస్తుంది. మిగతా రోజుల్లో కడితే తప్పేమీ లేదు గానీ, ఫిబ్రవరి పెళ్ళికి చుక్కలు కట్టి రంగు వేసిన బాంధేజ్ పోషాక్, దాని అంచున గోటా పని, అంటే జరీ పట్టీ కుట్టినది తీసుకుంటే నిండుగా ఉంటుంది. ముదురు ఎరుపు పెళ్ళికూతురికి వదిలేసి ఆకుపచ్చో, రాణీ రంగో, నారింజో చూడండి.

బాంధేజ్, లహరియా రెండింటికీ ప్రింట్ నకిలీలు విపరీతంగా ఉన్నాయి. అసలు లహరియా ఎలా తయారవుతుందో తెలిస్తే మోసపోరు. పలుచటి బట్టను ఒక మూల నుంచి ఏటవాలుగా చుట్టి తాడులా చేస్తారు. దూరం దూరంగా దారంతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు, విప్పితే ఏటవాలు చారలు వస్తాయి. అదే బట్టను రెండో మూల నుంచి కూడా చుట్టి ముంచితే చారలు ఒకదాన్నొకటి కోసుకుని గళ్ళు పడతాయి, దాన్ని మోఠ్‌ఢా అంటారు. బాంధేజ్‌లో అయితే ఒక్కో చుక్కనూ వేలితో లేపి విడిగా కట్టాలి. ఆ కట్లు కట్టేది ఎక్కువగా ఇళ్ళల్లో ఉండే ఆడవాళ్ళే. ఒక ఓఢ్నీ మీద ఎన్ని చుక్కలుంటాయో చూస్తే వాళ్ళ కళ్ళూ వేళ్ళూ ఎంత కష్టపడ్డాయో తెలుస్తుంది. దయచేసి బేరం మరీ గట్టిగా ఆడకండి. నమ్మకమైన కొట్టులో కొన్ని కట్లు విప్పకుండానే చూపిస్తారు, మన ముందే లాగి విప్పుతారు. విప్పిన బట్ట మీద చిన్న చిన్న ముడతలుంటాయి, చుక్కలన్నీ ఒకేలా ఉండవు.

ఇక నగలు. పెళ్ళైన ఆడవాళ్ళు పాపిట మొదట్లో గుండ్రటి బోర్లా పెట్టుకుంటారు, మెడను అంటుకుని ఆడ్ ఉంటుంది. వీటిలో ఎక్కువ కుందన్ పనే. కుందన్ కొనాలనుకుంటే ఒక్క విషయం బాగా గుర్తు పెట్టుకోండి. ఆ నగ లోపల లక్క నింపి ఉంటుంది. రాళ్ళ చుట్టూ మేలిమి బంగారం రేకు ఒత్తి బిగిస్తారు, వెనకవైపు మీనా పని, అంటే రంగుల ఎనామెల్ పని చేస్తారు. అంటే తక్కెడలో కనిపించే బరువంతా బంగారం కాదు. లక్క ఎంత, రాళ్ళు ఎంత, బంగారం ఎంత అని విడివిడిగా బిల్లు మీద రాయించుకోండి. 2021లో బంగారు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి చేసినప్పుడు కుందన్, పోల్కీ, జడావు లాంటి రాళ్ళు పొదిగిన నగలకు మినహాయింపు ఇచ్చారు. అందుకని ఆ బిల్లే మీకు ఆధారం. నీళ్ళు, సెంటు తగలనివ్వకండి. ఒక్క పెళ్ళికైతే వెండి మీద బంగారు పూత ఉన్నవి చాలు, నేనైతే అవే తీసుకోమంటాను.

పల్లెల్లో మాత్రం బంగారం కంటే వెండే ఎక్కువ కనిపిస్తుంది. మన కంటె లాంటి హస్లీ, కాళ్ళకు బరువైన కడియాలు. కరువు ఏడాది వస్తే అమ్ముకోవడానికి చేతిలో ఉండే ఆస్తి అదే. ఆ ఆడవాళ్ళను చూసినప్పుడల్లా నాకు దేవరకొండ వైపు తండాల్లోని లంబాడీ అవ్వలు గుర్తొచ్చేవారు. వాళ్ళ పూర్వీకులు రాజస్థాన్ వైపు నుంచి వచ్చినవాళ్ళే కదా, కాంచళి, మోచేతి పైదాకా గాజులు ఇక్కడా అలాగే ఉన్నాయి.

మీవారికి జోధ్‌పురి కోటు సరిపోతుంది. తలపాగా కొనక్కర్లేదు, మగ అతిథులకు వాళ్ళే సాఫా కడతారు. సుమారు 9 మీటర్ల బట్ట. తీశాక నేల మీద గానీ కాళ్ళ దగ్గర గానీ పెట్టవద్దని చెప్పండి, అక్కడ తలపాగా అంటే ఇంటి పరువు.

గాజులు జైపూర్ మీదుగా వెళ్తుంటే త్రిపోలియా బజార్ పక్కన మణిహారోం కా రాస్తాలో తీసుకోండి, లక్క వేడిచేసి అక్కడే గాజు చేయడం చూడొచ్చు. దారి కలవకపోతే చార్మినార్ పక్కన లాడ్ బజార్లో కొనుక్కుని వెళ్ళండి, అక్కడ చేసేవీ లక్క గాజులే.