అడగండి చెప్తా: ‘కౌన్సిల్‌లో పాస్ అయిపోయింది’ అంటే ఎవరు పాస్ చేసినట్టు?

ప్రశ్న: సార్, నేను ఒక అటానమస్ కాలేజీలో బీకాం సెకండ్ ఇయర్. కామెర్లు వచ్చి ఇరవై రోజులు మంచం మీదే ఉన్నా, అటెండెన్స్ 68 శాతం దగ్గర ఆగిపోయింది. మెడికల్ సర్టిఫికెట్ పట్టుకుని ఆఫీసుకెళ్తే ‘ఈ ఏడాది నుంచి కండోనేషన్ (తక్కువైన అటెండెన్స్‌ని మన్నించడం) 70 వరకే, అకడమిక్ కౌన్సిల్‌లో పాస్ అయిపోయింది, మా చేతుల్లో ఏం లేదు’ అంటున్నారు. మా సీనియర్లకి 65 వరకు ఇచ్చారు. అసలీ కౌన్సిల్ అంటే ఎవరండీ, వాళ్ళని ఎక్కడ కలవాలి?
– ఒక విద్యార్థి, గాజువాక

జవాబు: తమ్ముడూ, ముందు ఒళ్ళు జాగ్రత్త, కొన్నాళ్ళు బీచ్ రోడ్డు బజ్జీల బండి వైపు చూడకు. ఇక నీ కౌన్సిల్ సంగతి. అటానమస్ కాలేజీ అంటే డిగ్రీ పట్టా మాత్రం యూనివర్సిటీ పేరుతోనే వస్తుంది, సిలబస్సు, పరీక్షలు, పాసు మార్కులు, అటెండెన్స్ లాంటివన్నీ కాలేజీయే పెట్టుకోవచ్చు. అలాగని ప్రిన్సిపాల్ గారు ఒక్కరే కూర్చుని రాసేసుకుంటే కుదరదు కదా, అందుకే యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) చదువు విషయాలకి రెండు మెట్లు పెట్టింది. కింద మెట్టు బోర్డ్ ఆఫ్ స్టడీస్, ఇది డిపార్ట్‌మెంట్‌కి ఒకటి, సిలబస్సు చూసేది ఇదే. పైన అకడమిక్ కౌన్సిల్. దానికి ప్రిన్సిపాలే ఛైర్మన్, డిపార్ట్‌మెంట్ల హెడ్లు (హెచ్‌ఓడీలు) అందరూ ఉంటారు, కొందరు లెక్చరర్లు, బయటి నుంచి నిపుణులు, వీళ్ళతో పాటు యూనివర్సిటీ పంపే ముగ్గురు నామినీలు. ఈ ముగ్గురూ అక్కడ కూర్చునేదే కాలేజీ తన ఇష్టానికి ప్రమాణాలు దించెయ్యకుండా చూడ్డానికి.

నేను సర్వీసులో ఉండగా ఒక కాలేజీ కౌన్సిల్‌కి బయటి మెంబర్‌గా రెండు మూడుసార్లు వెళ్ళా. మందపాటి ఎజెండా పుస్తకం చేతికిచ్చేవారు, దాంతోపాటే జీడిపప్పు ఉప్మా వచ్చేది, ఉప్మా అయ్యేసరికి సంతకాల షీటు తిరిగేది, అంత మందం పుస్తకంలో అటెండెన్స్ రూలు ఒక్క లైను మారితే ఎవరికి కనిపిస్తుంది చెప్పు? అందరూ అలా ఉంటారని అనను, పట్టుబట్టి ప్రతి పేజీ చదివే మేడమ్ ఒకావిడ ఉండేవారు, ఆవిడ వస్తున్నారంటే ఆఫీసు వాళ్ళకి చెమటలు. అలాంటోళ్ళు ఒక్కరున్నా చాలు.

నువ్వు వాళ్ళని వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. కౌన్సిల్ పని రూలు రాయడం, నీ కామెర్ల కేసు అక్కడికి రాదు. ఆ రూలు ప్రకారం నీకు కండోనేషన్ ఇచ్చేదీ మానేదీ మామూలుగా ప్రిన్సిపాలే, ఆఫీసులో ‘కౌన్సిల్’ అన్నారంటే ఆ మాటని గోడలా వాడుకుంటున్నారంతే. కాబట్టి నువ్వు అడగాల్సింది మనుషుల్ని కాదు, కాగితాన్ని. ఏ తారీకు మీటింగులో పాస్ అయింది, మినిట్స్‌లో (మీటింగు తీర్మానాల పుస్తకంలో) ఏం రాశారు, అన్నిటికన్నా ముఖ్యం ‘ఏ బ్యాచ్ నుంచి’ అని రాశారు. రూలు మారిస్తే మామూలుగా ఫలానా ఏడాది చేరిన వాళ్ళ నుంచి అని రాసుకుంటారు, ఫస్టియర్‌లో నువ్వు చేరినప్పుడు నీకిచ్చిన హ్యాండ్‌బుక్‌లో 65 ఉండి, కొత్త రూలు కొత్త బ్యాచ్‌కే అయితే ఆఫీసు వాళ్ళు పొరపాటు పడ్డట్టే. ఒకవేళ అన్ని బ్యాచ్‌లకీ అని రాసి ఉంటే, మధ్యలో మార్చిన సంగతి నోటీస్ బోర్డులో ఎప్పుడు పెట్టారని అడుగు, పరీక్ష ఫీజు కట్టే ముందు రోజు చెప్పడం న్యాయం కాదు.

నోటితో అడిగితే నోటితోనే పంపేస్తారు, అందుకే అర్జీ రాసి, సర్టిఫికెట్ జిరాక్సు జతచేసి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకో. వారంలో కదలిక లేకపోతే కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదులు వినే స్టూడెంట్ గ్రీవెన్స్ కమిటీ ఉంటుంది, 2023 యూజీసీ రూల్సు ప్రకారం ప్రతి కాలేజీలో ఉండాల్సిందే. ఫిర్యాదు అందాక 15 పనిదినాల్లో వాళ్ళు తేల్చాలి. వాళ్ళు చెప్పింది నచ్చకపోతే ఇంకో 15 రోజుల్లోపు అంబుడ్స్‌పర్సన్‌కి (ఆ కమిటీ మీద అప్పీళ్ళు వినే అధికారికి) అప్పీలు చేసుకోవచ్చు. ఆ గ్రీవెన్స్ కమిటీలోకి ఒక స్టూడెంటుని పిలుస్తారు, రూలు రాసే అకడమిక్ కౌన్సిల్‌లో మాత్రం స్టూడెంటుకి ప్రత్యేకంగా కుర్చీ లేదు. నాకైతే ఇది తిరగేసినట్టు అనిపిస్తుంది, దెబ్బ తగిలాక పిలిచే బదులు ముందే పిలవొచ్చు కదా.

ప్రశ్న: నమస్కారమండి. మా పెద్దమ్మాయి డిగ్రీలో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ మూడూ చదివింది. చిన్నదానికి ఒకటే మేజర్ అంటున్నారు. ఇది కాలేజీ చేసిన పనా? నాలుగో ఏడాది కూడా చదవాలా?
– ఒక తల్లి, పెందుర్తి

జవాబు: కాలేజీ కాదమ్మా. జాతీయ విద్యావిధానం 2020లో వచ్చింది, దాని మీద యూజీసీ 2022 డిసెంబరులో డిగ్రీ కోర్సులకి కొత్త చట్రం ఇచ్చింది, మన రాష్ట్రంలో ఉన్నత విద్యామండలి 2023–24 నుంచి మూడు సబ్జెక్టులు తీసేసి ఒక మేజర్ (ముఖ్య సబ్జెక్టు), దాని పక్కన ఒక మైనర్ (చిన్న సబ్జెక్టు) పెట్టింది. యూనివర్సిటీలో ఇలాంటివి చూసే సభని మన దగ్గర అకడమిక్ సెనేట్ అంటారు. 1926లో బెజవాడలో మొదలై తర్వాత వాల్తేరుకి వచ్చిన మన ఆంధ్రా యూనివర్సిటీకి కూడా అదే ఉంది. అయితే ఇలా పై నుంచి దిగొచ్చిన మార్పుని సెనేట్ కాదనడం కష్టం, సర్దుకోవడమే ఎక్కువ.

నాలుగో ఏడాది తప్పనిసరి కాదు. మూడేళ్ళకి 120 క్రెడిట్లు (సబ్జెక్టులు పాసైతే వచ్చే పాయింట్లు) వస్తే మామూలు డిగ్రీ, నాలుగేళ్ళకి 160 వస్తే ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన వచ్చినవాళ్ళు నాలుగో ఏడాది రీసెర్చ్ తీసుకోవచ్చు. అమ్మాయికి బీఈడీ ఆలోచన ఉంటే మాత్రం మేజర్, మైనర్ చూసి ఎంచుకోండి, బీఈడీలో బోధన నేర్చుకునే మెథడాలజీ సబ్జెక్టు దాన్ని బట్టే ఉంటుంది, పెద్దమ్మాయికి ఉన్నన్ని దారులు చిన్నదానికి ఉండకపోవచ్చు.

ప్రశ్న: రీవాల్యుయేషన్‌లో ‘నో చేంజ్’ అని వచ్చింది. నా పేపరు నేను చూడొచ్చా?
– ఎం.వి.పి. కాలనీ

జవాబు: చూడొచ్చు. దిద్దిన ఆన్సర్ షీటు రాసినవాడు చూసుకోవచ్చని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. యూనివర్సిటీ పరీక్ష అయితే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టు, 30 రోజుల్లో జవాబివ్వాలి. చూడ్డం వరకే హక్కు, దాంతో మార్కులు పెరుగుతాయని కాదు. కూడికలో తప్పుందేమో, ఏదైనా ప్రశ్న దిద్దకుండా వదిలేశారేమో ముందు అది చూడు. ఆలస్యం చెయ్యకు, ఆన్సర్ షీట్లు కొన్నాళ్ళే దాస్తారు, ఆ తర్వాత తూకానికి వెళ్ళిపోతాయి.